రాహుకాలంలో ఇచ్చిన జవాబు

ఆ వేసవిలో మా అత్తవాళ్ళ మేడని చూడనివాళ్ళు లేరు. హైదరాబాదు నుంచి చూశారు, బెంగుళూరు నుంచి చూశారు, దుబాయి నుంచి ఒకాయన మంచం పొడవెంతో కూడా అడిగాడు. వచ్చి ఆ మంచం మీద పడుకున్నవాళ్ళు మాత్రం లేరు.

పదో తరగతి పరీక్షలు రాసి నేను చెన్నై ఉత్తరపు కొసన ఉన్న తిరువొత్తియూరు వచ్చాను. మా ఊరు నాగలాపురం పక్కన. అక్కడ బడి పదితో ఆగిపోతుంది. ఆ పైన ఆడపిల్లల కోసం తెల్లవారగానే కంపెనీ బస్సు వచ్చి రోడ్డు మీద నిలబడుతుంది. ఎక్కితే సెల్‌ఫోన్లు బిగించే పని. మా మేనత్త పుష్పవల్లి నాన్నకు ఫోన్ చేసి, "ఆ బస్సు ఎక్కించబాక రా. నా దగ్గరికి పంపు. వాషర్‌మెన్‌పేట్‌లో తెలుగు బడి ఉండాది, పదకొండో తరగతి, ప్లస్ వన్‌లో నేను చేర్పిస్తా" అంది. నేను వచ్చింది అందుకు.

ఇల్లు రెండు భాగాలు. కిందిది అత్తది. మామ పోయినప్పటినుంచి ముందుగదిలో గ్రైండరు పెట్టి, దోసెపిండి రుబ్బి వీధికంతా అమ్ముతోంది. పైభాగం మామ తమ్ముడు, మా చిన్నమామ వెంకట్రామ్‌ది. ఆయన కాపురం చెన్నైకి ఆ కొసన, షోళింగనల్లూరులో. నేను వచ్చిన మొదటి ఆదివారం ఆయన వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మాట మొదలుపెట్టాడు.

"నన్ను తప్పుగా అనుకోబాక వదినా. పైన ఏడాదిగా తాళమే. నెల బాడుగకి వచ్చినోళ్ళు ఎవురూ నిలవడంలా. ఉప్పుగాలి అంటారు, ఫ్యాక్టరీ వాసన అంటారు. బిల్డరేమో రెండు భాగాలూ కలిపి అడగతా ఉండాడు."

"కలిపి ఇస్తే మేము యాడికి పోతాం చిత్తప్పా?" అంది రంజని వదిన. అత్తకు ఒక్కతే కూతురు ఆమె, బాబాయిని అరవంలో చిత్తప్ప అంటుంది.

"నీ వాటా నీకొస్తాది కదమ్మా. అపార్ట్‌మెంటులో ఉండండి."

"అపార్ట్‌మెంటులో గ్రైండరు తిప్పనిస్తారా? మా అమ్మ సుమ్మా, ఊరికే కూర్చుని ఏం చేస్తాది, లిఫ్టులో పైకీ కిందికీ పోతా ఉంటాదా?"

ఆయన నవ్వలేదు. "ఒక దారి ఉండాది. మేడని ఆన్‌లైన్‌లో పెడతా, రోజుల లెక్కన బాడుగకి. జనం వస్తే ఇల్లు ఇట్లే ఉండనీ. రాకపోతే జూలైలో ఆడి నెల, అదే ఆషాఢం, పుట్టకముందే సంతకం. ఆడిలో ఎవురూ రిజిస్ట్రేషన్ పెట్టుకోరు."

అప్పటికప్పుడు ఫోటోలు తీశాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఎక్కితే, రోడ్డూ రాళ్ళగట్టూ దాటి సముద్రం గీతలా కనిపిస్తుంది. ట్యాంకు మీద నిలబడి, చెయ్యి చాచి తీసిన ఫోటోలో సముద్రం మేడ కిటికీ కిందే ఉన్నట్టు వచ్చింది. దాని కింద 'అలల చప్పుడుతో నిద్ర లేవండి' అని రాశాడు.

"అబ్బయా, ఈడ నిద్ర లేపేది కంటైనరు లారీలు కదా?" అంది అత్త.

"లారీ అని రాస్తే ఎవురొస్తారు వదినా?"

పోతూ పోతూ ఒక పాత ఫోను నా చేతిలో పెట్టాడు. వదిన ఆఫీసులో ఫోను గుమ్మం దగ్గరే పెట్టించుకుంటారు. అత్తకు కూడబలుక్కుని అరవం చదవడమే వచ్చు. "అమ్మణీ, అడిగేవాళ్ళు ఏం అడిగినారో చదివి అత్తకు చెప్పు. అత్త ఏం చెప్తే అది రాయి" అన్నాడు. రాయడమైతే సరే అనుకున్నాను. ఎవరైనా నేరుగా ఫోన్ చేస్తే మాత్రం, మోగుతున్న ఫోనును బియ్యం డబ్బా మీద పెట్టి దూరంగా నిలబడేదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నా గొంతు పెగలదు.

మొదటి వారమంతా మాకు పండగే. ఒకరు పోతే ఒకరు అడిగారు. ఏసీ ఉందా, బండి పెట్టుకోవచ్చా, తగ్గిస్తారా, పెళ్ళికాని జంటకి ఇస్తారా. ప్రతిదీ చదివి వినిపించేదాన్ని. అత్త పిండిచేతులతో గోడమీది క్యాలెండరు వైపు చూసేది. మా ఊళ్ళో కూడా వర్జ్యం చూస్తారు గానీ, అత్త చూసినంత కాదు. సోమవారం పొద్దున్నే, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా, ఇట్లా రోజుకొక వేళ. రాహుకాలం నడుస్తున్నంతసేపూ అత్త కొత్త కుండలో పిండి పట్టదు, పొరుగింటికి పంచదార ఇవ్వదు, ఎవరికీ ఔనని చెప్పదు.

"అయినాక రాద్దువులే. రాహుకాలంలో ఔనంటే ఆ ఔను మనది కాదు మే."

రాహుకాలం అయ్యాక రాస్తే, అవతలివాళ్ళు వేరేచోట తీసుకునేసి ఉండేవాళ్ళు. కొందరు 'థ్యాంక్స్' అని పెట్టేవాళ్ళు. చాలామంది అదీ లేదు.

"ఇష్టపడేవాళ్ళు వేరు, దుడ్డు కట్టేవాళ్ళు వేరు మా" అనేది వదిన, సాయంత్రం రైలు దిగి వచ్చి కాళ్ళు చాపుకుని. "మా ఆఫీసులో అమ్మాయిలు కూడా ఇంతే. మధ్యాన్నం అన్నం తింటా ఊటీలో ఇళ్ళు చూస్తారు. ఒక్కతె కూడా పోలేదు."

ఒక్క కుటుంబం మాత్రం వచ్చింది. కారులోంచి తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ దిగారు. పిల్లల చేతుల్లో ఇసకలో ఆడుకునే బకెట్లు. తండ్రి ఫోను పట్టుకుని వీధిలో ఒక చుట్టు తిరిగాడు. ఎదురుగా గోడౌను గోడ, దాని వెనక పొగగొట్టం. "సముద్రం ఎక్కడండీ?" అన్నాడు.

అత్త మేడవైపు వేలు చూపింది. "ట్యాంకు మీద ఎక్కితే ఆడ తెలుస్తాదయ్యా."

ఆయన ట్యాంకు వైపు చూశాడు, భార్య ఆయన వైపు చూసింది. అత్త వాళ్ళను ఎండలో నిలబెట్టలేక కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసులు తిరగేసి పెట్టి, వెళ్ళిపోయారు. మర్నాడు మా పేరు కింద ఒక్క నక్షత్రం కనిపించింది. పక్కన, 'ఫోటో వేరు, ఇల్లు వేరు. మజ్జిగ బాగుంది' అని ఉంది.

వదిన పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి ముఖం కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళి ఎంతకీ రాలేదు.

ఆ ఒక్క నక్షత్రంతో అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. అయినా అత్త రోజూ మేడ ఊడ్చేది. సముద్రపు గాలికి గుడ్డలు జిగటగా అవుతాయి. అందుకని ఎవరూ పడుకోని దుప్పట్లను మేమిద్దరం రోజు మార్చి రోజు ఉతికి ఆరేసేవాళ్ళం. పిండుతుంటే అత్త నా వైపు చూసేది కాదు. "ఒక్కరు వస్తే చాలు మే. ఒక్కరు వచ్చినారంటే దారి పడతాది" అనేది. మొదట్లో నాతో అనేది, తర్వాత తనలో తను అనుకునేది.

జూన్ వచ్చింది. బళ్ళు తెరిచారు. వాషర్‌మెన్‌పేట్ బడి హెడ్‌మాస్టరు, తెలుగు పిల్లలు చేరడమే తక్కువైపోయింది, నెలాఖరు దాకా నాకు చోటు ఉంచుతానని అత్తతో అన్నాడట. నేను అడగలేదు, అత్తే చెప్పింది. "ముందు ఇది తేలనీ అమ్మణీ. ఇల్లే లేకపోతే నిన్ను యాడ ఉంచుకుని చదివించేది?" అంది. నిజమే కదా అనుకున్నాను. ఆ రాత్రి డైరీలో తేదీ వేసి, ఏమీ రాయకుండా మూసేశాను.

తర్వాత బిల్డరు మనిషి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చిన్నమామ పంపించాడట. కొలతల టేపు తీసి ఒక కొస నాకిచ్చి గోడకు పట్టుకోమన్నాడు. కాదనడం రాక పట్టుకున్నాను. ముందుగది కొలిచేటప్పుడు గ్రైండరు అడ్డం వచ్చింది. "ఇది కొంచెం జరపండమ్మా" అన్నాడు అరవంలో.

అత్త గ్రైండరు ఆపలేదు. "పిండి నలగతా ఉండాది. ఉండు" అంది. ఆ మనిషి పిండి నలిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు అత్త చాలాసేపు రుబ్బింది. పిండి వెన్నలా అయినా ఆపలేదు. చివరికి ఆపి, తనే గ్రైండరును పక్కకు నెట్టింది. టేపు ఆ చివరిదాకా సాగింది.

ఆ వారమే, శుక్రవారం. పదిన్నర దాటింది. నీహారిక అనే ఆవిడ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది, తెలుగులో.

'మాది ఒంగోలు. నేను షోళింగనల్లూరులో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకి మీ దగ్గర్లో ఆస్పత్రిలో మూడు వారాలు రేడియేషన్. రోజు విడిచి రోజు తీసుకెళ్ళాలి. వంట చేసుకోవచ్చా? సముద్రం నిజంగా కిటికీలోంచి కనిపిస్తుందా? మా అమ్మకి చూడాలని ఉంది.'

చదివి వినిపించాను. అత్త చెయ్యి ఆగింది. గడియారం చూసింది. కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడే రావాల్నా ఇది! పన్నెండు దాకా ఆగు మే. ఔనని మాత్రం రాయబాక."

"వేరేచోట తీసుకునేస్తారత్తా."

"రాయబాకంటే రాయబాక. ఆస్పత్రికి వచ్చేవాళ్ళు. రాహుకాలంలో వాళ్ళకి మాటిచ్చి ఇంట్లో పెట్టుకుని, రేపు ఆమెకి ఏదన్నా అయితే?"

పిండి తూకానికి ఎవరో పిలిస్తే అత్త బయటికి వెళ్ళింది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. అత్త ఔనని రాయొద్దంది. లేదని రాయొద్దనలేదు. మెట్లమీద కూర్చుని, ఆ ఇంట్లో లేనివన్నీ రాశాను.

'సముద్రం కనిపించదు. ట్యాంకు ఎక్కితే కొంచెం కనిపిస్తుంది, మీ అమ్మగారు ఎక్కలేరు. ఏసీ లేదు. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కొళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వంటకు పనికిరావు, క్యాను కొనాలి. గాలి ఇటు తిరిగినప్పుడు ఫ్యాక్టరీ వాసన వస్తుంది. తెల్లవారుజామున లారీల చప్పుడు ఉంటుంది.'

పంపాక భయం వేసింది. చిన్నమామ ఇది చూస్తే ఏమంటాడు? చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

'ఇంతమందిని అడిగాను. అందరూ అన్నీ ఉన్నాయనే అన్నారు. అమ్మ మెట్లెక్కలేదు. కింద గది ఉందా?'

'పన్నెండు దాకా ఆగండి. మా అత్త చెబుతుంది.'

'ఎందుకు పన్నెండు?'

'రాహుకాలం.'

'మా అమ్మా అంతే' అని నవ్వుబొమ్మ ఒకటి పెట్టింది. వెంటనే ఇంకొకటి అడిగింది. 'ఇంకో ఇల్లు కూడా చూశాను, వాళ్ళు ఇప్పుడే కట్టమంటున్నారు. నాకు ఒక్కటే బెంగ. మూడు వారాలూ సెలవు దొరకలేదు, ఆస్పత్రికి వెళ్ళని రోజుల్లో నేను ఆఫీసుకి పోవాలి. పగలు ఇంట్లో మనిషెవరైనా ఉంటారా?'

ఇది లేదని చెప్పే ప్రశ్న కాదు. వీధిలో అత్త ఎవరితోనో నిన్నటి పిండి పులిసిందా లేదా అని వాదిస్తోంది. గడియారంలో ఇంకా పదకొండున్నర కాలేదు.

'నేను ఉంటాను' అని రాశాను.

పన్నెండు దాటాక అత్తకు అంతా చూపించాను. ఆ చివరి మాట దగ్గర ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కింది గదులన్నీ ఒకసారి తిరిగి చూసింది. గ్రైండరు, బియ్యం మూటలు, మామ ఫోటో, తను పాతికేళ్ళుగా పడుకునే మంచం.

"కింద ఇస్తామని రాయి. మనం పైకి పోదాం."

"గ్రైండరో అమ్మా?" అంది వదిన ఆ సాయంత్రం.

"సందులో పెడదాం. ఆమె ఆస్పత్రికి పోయిన రోజుల్లోనే రుబ్బుతా."

"అయితే సగం మందికి పిండి ఉండదు. ప్యాకెట్టు కొంటారు."

"కొననీ."

నీహారిక వాళ్ళమ్మ శారదాంబగారు ఆదివారం వచ్చారు. చిక్కిపోయిన మనిషి, నోరు మాత్రం చిక్కలేదు. కారు దిగుతూనే ముక్కు ఎగబీల్చి, "అమ్మాయ్ నీహారికా, ఆ పిల్ల రాసిన వాసన ఇదేనటే? బాగానే ఉంది, ఏమీ లేని ఇంటికే వచ్చాం" అన్నారు. అత్త ఎదురువెళ్ళి చెయ్యి పట్టుకుంది.

ఆఫీసు రోజుల్లో నీహారికక్క పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టే వేళకి వచ్చేది. పగలంతా నేను ఉండేదాన్ని. గంజి కాచేదాన్ని, వేళకి మాత్రలిచ్చేదాన్ని, వాంతి అయితే తుడిచేదాన్ని. శారదాంబగారు మాట్లాడుతుంటే వినేదాన్ని. "నోరుందా నీకు పిల్లా? పెన్నొకటి ఉంటే చాలా?" అనేవారు. తల ఊపేదాన్ని.

ఫోనులో చిన్నమామ పెట్టిన సముద్రం ఫోటో వదిన తీసేసింది. కింది గదుల ఫోటోలు పెట్టింది. మొదటి వాక్యం నన్ను రాయమంది. 'ఇక్కడినుంచి సముద్రం కనిపించదు' అని రాశాను. నీహారికక్క ఆస్పత్రిలో కూర్చున్నప్పుడు పక్కవాళ్ళకు మా గురించి చెప్పింది. నెల్లూరువాళ్ళు అడిగారు, కడపవాళ్ళు అడిగారు. అందరూ మెట్లు లేవు కదా అని అడిగి, ఆపైన అదే అడిగేవాళ్ళు: పగలు ఆ అమ్మాయి ఉంటుందా? ఉంటానని రాసేదాన్ని. వెంటనే డబ్బు కట్టేవాళ్ళు. శారదాంబగారు ఉండగానే ఆ తర్వాతి వారాలన్నీ నిండిపోయాయి.

ఆడి ఇంకా పుట్టలేదు. చిన్నమామ బిల్డరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. వరండాలో శారదాంబగారు ఈజీచైర్‌లో నిద్రపోతున్నారు. తలకు గుడ్డ కట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. చిన్నమామ గొంతు తగ్గించాడు, చెప్పులు చేత్తో పట్టుకుని మేడ ఎక్కాడు. అక్కడ అత్త ఫోను చూపించమంటే, ఎవరెవరు ఎప్పుడు వస్తారో చూపించాను. ఆయన పేర్ల మీద వేలు పెట్టి వారాలు లెక్కపెట్టుకున్నాడు.

"తై నెల దాకా, సంక్రాంతి వరకూ చూస్తాం వదినా" అన్నాడు చివరికి. "కానీ ఒక్క వారం ఖాళీ పడినా నన్ను ఏమీ అనబాక." మెట్లు దిగుతూ నా తల నిమిరాడు. "అంతా ఈ పిల్ల వల్లే. దీన్ని మాత్రం కదలనీబాక."

ఆ పూట అత్త సేమ్యా పాయసం చేసింది. వదిన ఎవరికో ఫోన్ చేసి అరవంలో గట్టిగట్టిగా నవ్వుతూ చెప్పింది. నేనూ రెండు గ్లాసులు తాగాను. జూన్ నెల అయిపోయి చాలా రోజులైంది. బడి మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

శారదాంబగారు వెళ్ళే రోజు అందరం వాకిట్లో నిలబడ్డాం. నీహారికక్క సంచులు కారులో సర్దుతోంది. శారదాంబగారు నా గడ్డం పట్టుకుని, "ఇన్నాళ్ళూ నన్ను చూసుకున్నావు, అడగనే లేదు. ఏం చదువుతున్నావే?" అన్నారు.

"ప్లస్ వన్ మా" అంది అత్త వెంటనే. "బాగా చదవతాది."

"చదవడం లేదండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నీహారికక్క సంచి పట్టుకుని అట్లాగే ఆగింది. శారదాంబగారు నన్ను చూశారు, అత్తను చూశారు. నా గడ్డం వదిలి మెల్లగా కారు ఎక్కారు.

కారు మలుపు తిరిగేదాకా అత్త వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంది.

"నీ టీసీ యాడ పెట్నావు మే?"

"పెట్టెలో ఉంది."

"తీసుకో. చీర మార్చుకుని వస్తా."

వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అమ్మా, మధ్యాన్నం కడపవాళ్ళు వస్తారు. వాళ్ళకి పగలు ఇది ఉంటాదని చెప్పినాం. చిత్తప్ప ఏమన్నాడో మర్చిపోయినావా?"

"కడపవాళ్ళకి నేను ఉంటా."

"నీకు మెసేజీలు చదవను రాదే! అడిగేవాళ్ళకి జవాబు ఎవురిస్తారు?"

"సాయంత్రం బడి నుంచి వచ్చి ఇదే ఇస్తాది. అంతదాకా ఆగేవాళ్ళు ఆగుతారు."

"ఆగకపోతే?"

అత్త నా చేతిలోంచి టీసీ కవరు తీసుకుంది. వదినను చేత్తో పక్కకు జరిపి వీధిలోకి దిగింది.

బస్సు ఎక్కాం. అత్త నా టీసీ ఉన్న కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. బడి చేరేసరికి గేటు వేసి ఉంది. లోపల ఎక్కడో క్లాసు జరుగుతోంది, పిల్లలంతా కలిసి ఒక పద్యం చెబుతున్నారు, తెలుగులో. గేటు పక్కన స్టూలు మీద ఉన్నాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "అడ్మిషన్ అయిపోయిందే అమ్మా. ఏం కావాలి?" అన్నాడు.

అత్త నోరు తెరిచింది. ఏమనుకుందో, మూసుకుంది. కవరు నా చేతిలో పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాలండీ" అన్నాను. "నేనే మాట్లాడతాను."